ఎడమ చెయ్యి పిల్లలు

1948 చివర్లో నేను సూర్యాపేటలో ఆడపిల్లల ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా చేరాను. మాది కోదాడ. అప్పుడే రాజ్యం మారింది. బళ్ళలో ఉర్దూ తగ్గి తెలుగు పెరుగుతోంది. తెలుగులో చెప్పేవాళ్ళు చాలక నాలాంటి వాళ్ళను టెంపరరీగా తీసుకున్నారు. ఇన్‌స్పెక్టరుగారు వచ్చి లాగ్ బుక్కులో మంచిమాట రాస్తే ఉంటాం, లేకపోతే మూటాముల్లె సర్దుకుంటాం. లాగ్ బుక్కు అంటే బడి చూడవచ్చిన అధికారి తన అభిప్రాయం రాసిపోయే పుస్తకం. ఆ అట్ట చూస్తేనే నాకు భయం.

నా భయం చూసి మా పెద్ద పంతులమ్మ మొదటి రోజే ఒక కిటుకు చెప్పింది.

"సూడమ్మా, ఇన్‌స్పెక్టరు ప్రశ్న అడిగితే పిల్లలందరు చెయ్యెత్తాలె. వచ్చినోళ్ళు కుడి చెయ్యి, రానోళ్ళు ఎడమ చెయ్యి. నువ్వు కుడి చేతులనే పిలువు. ఆయనకేం తెలుస్తది?"

ఎంత తెలివైన పద్ధతో అని మురిసిపోయాను. ఆ రోజే మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినీ లేపి రెండేసి లెక్కలు అడిగాను. టకటకా చెప్పినవాళ్ళకు "నీది కుడి చెయ్యి" అన్నాను, నీళ్ళు నమిలినవాళ్ళకు "నీది ఎడమ చెయ్యి" అన్నాను. అరగంటలో పని అయిపోయింది. ముప్ఫై మందిలో తొమ్మిది మంది ఎడమవాళ్ళు. వాళ్ళలో అండాలు ఒకతె. తండ్రి మల్లయ్య మునగాల వైపు నుంచి సూర్యాపేట మార్కెట్టుకు వడ్లు తోలే బండి మనిషి. ఆ రోజు అండాలు నోరు విప్పలేదు. జ్వరమో, కొత్త మనిషినని భయమో నాకు తెలియదు. నేను అడగలేదు.

ఆ కిటుకు ఇన్‌స్పెక్షను ఒక్కరోజు కోసమని పుట్టింది. పిల్లలకు అలవాటు కావాలని రోజూ చేయించాను, చివరికి అలవాటైంది నాకే. ప్రశ్న అడగ్గానే నా కళ్ళు కుడి చేతుల మీదికే పోయేవి. ఎడమ చేతుల వంక చూడటమే మానేశాను. ఏడాది గడిచింది, ఇన్‌స్పెక్టరు మాత్రం రాలేదు. పిల్లలు నాలుగో తరగతికి వచ్చారు, వాళ్ళతో పాటు నేనూ వచ్చాను.

ఒకరోజు మల్లయ్య తలపాగా విప్పి చేత్తో పట్టుకుని బడి ముందు నిలబడ్డాడు.

"పంతులమ్మా, మా పోరికి సదువు వస్తదా? రాకుంటె మాడుగులపల్లిల మా అక్కోళ్ళింటికి తోల్త. ఆడ బర్ల కాడికి మనిషి గావాలె."

"ఎందుకులే మల్లయ్యా, దానికి లెక్కలు రావు. పనిలో పెట్టుకో" అన్నాను. తడుముకోకుండా అన్నాను. పక్కనుంచి పెద్ద పంతులమ్మ, ఆ వారంలోనే జరగబోయే ఇన్‌స్పెక్షను దాకా ఉంచమనీ, తలలు తక్కువైతే బడికి చెడ్డపేరనీ బతిమాలింది. ఇన్‌స్పెక్షను అయిన మర్నాడు తీసుకుపోతానని మల్లయ్య ఒప్పుకున్నాడు. ఆ మాటలన్నీ అండాలు గుమ్మం దగ్గర నిలబడి వింటూనే ఉంది.

ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. నెరిసిన మీసాలు, మెత్తటి గొంతు. కుర్చీలో కూర్చోకుండా పిల్లల మధ్యకు పోయి నిలబడి లెక్క అడిగారు.

"మార్కెట్టుకు ఎనిమిది బండ్లు వచ్చినయ్. బండికి పదిహేను బస్తాల వడ్లు. మూడు బస్తాలు తడిసినయని పక్కకు పెట్టిన్రు. మంచియి ఎన్ని మిగిలినయ్?"

ముప్ఫై చేతులూ లేచాయి. నేను మంచి కుడి చెయ్యి కోసం వెతుకుతున్నాను. ఆయన నా వైపు తిరిగి చిన్నగా నవ్వారు.

"అమ్మా, నేను గూడ ఇరవై ఏండ్లు పంతులుగిరి చేసినోణ్ణే. ఎడమ చెయ్యి ఎత్తినోళ్ళు జర లేవండి బిడ్డా."

తొమ్మిది మంది లేచి నిలబడ్డారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. ఆయన అండాలును చూపించి "నువ్వు చెప్పమ్మా" అన్నారు.

"నూట పదిహేడు" అంది అండాలు. వేళ్ళు లెక్కపెట్టలేదు, పలక ముట్టలేదు. అంతటితో ఆగనూ లేదు. "గని సార్, బండికి పదిహేను బస్తాలేస్తె ఎడ్లు గుంజలేవు. మా నాయన పన్నెండే ఏస్తడు. గట్లయితె తొంభై మూడే మిగుల్తయ్."

ఆ రెండో లెక్క నేను మనసులో వేసి చూసుకునేసరికి ఇన్‌స్పెక్టరుగారు ఆ పిల్ల తల నిమిరి బయటకు వెళ్తున్నారు. లాగ్ బుక్కులో తరగతి బాగుందని రాశారు. వెళ్ళేటప్పుడు నాతో, "మీరు పాఠం మంచిగ చెప్తున్నరమ్మా. రాదని పక్కకు పెట్టిన పిల్లకు గూడ వచ్చింది సూడండి" అన్నారు. తిట్టినా అంత తగిలేది కాదు.

బడి వదిలాక అండాలును ఆపాను.

"లెక్క వచ్చినప్పుడు కుడి చెయ్యి ఎత్తాలి కదే? ఎందుకు ఎత్తలేదు?"

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. "నాది ఎడమ చెయ్యే గద పంతులమ్మా. మీరే జెప్పిన్రు. మల్ల మార్సమని జెప్పలే."

ఎప్పటి నుంచి లెక్కలు వస్తున్నాయని అడిగాను. "మీరు వచ్చినప్పటి సంది వస్తయ్" అంది. ఏడాది పాటు రోజూ నా కళ్ళ ముందు చెయ్యి ఎత్తుతూనే ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు తెల్లారగానే బండ్ల అడ్డాకు పరిగెత్తాను. మల్లయ్య మాడుగులపల్లి ప్రయాణానికి బండి కడుతున్నాడు. అండాలు మూట పక్కన పెట్టుకుని బండిలో కూర్చుంది. నేను తప్పు చెప్పానని, పిల్లకు చదువు బాగా వస్తుందని ఆయాసపడుతూ చెప్పాను.

"మొన్న రాదంటిరి, ఇయ్యాల వస్తదంటున్నరు. నేను ఏ మాట పట్టుకోవాలె పంతులమ్మా?"

న్యాయమైన మాట. అందుకే నా మాట వదిలేసి పిల్ల మాట చెప్పాను. ఇన్‌స్పెక్టరుగారి ముందు పదిహేను బస్తాలు ఎడ్లు గుంజలేవన్నదనీ, మా నాయన పన్నెండే వేస్తాడన్నదనీ చెప్పాను. తాడు బిగిస్తున్న మల్లయ్య చేతులు ఆగాయి.

"నేను పన్నెండేస్తనని నీకెవరు జెప్పిన్రే?"

"రోజు సూస్త గద నాయనా" అంది అండాలు.

మల్లయ్య కాసేపు ఎడ్ల వంక చూశాడు. తర్వాత మూట తీసి కింద పెట్టాడు.

ఆ రోజే తరగతిలో కుడి ఎడమలు ఎత్తేశాను. తొమ్మిది మందినీ మళ్ళీ అడిగితే అయిదుగురికి చక్కగా వచ్చు. మిగతా నలుగురికి నేర్పితే వచ్చింది. రాదని నేను వేసిన ముద్రను పిల్లలు నాకంటే భద్రంగా దాచుకుంటారని నాకు అప్పుడు తెలిసింది. ఆ తర్వాత మిర్యాలగూడలో, కోదాడలో ఎన్నో ఏళ్ళు పాఠాలు చెప్పాను. ఏ పిల్లకూ "నీకు రాదు" అనే మాట అనలేదు.

అండాలు మా బడిలో చదువు పూర్తిచేసే దాకా లెక్కల్లో అందరికంటే ముందుంది. కుడి చెయ్యి ఎత్తమ్మా అని ఎన్నోసార్లు చెప్పాను. "సరే పంతులమ్మా" అని ఎత్తేది. మర్నాడు ప్రశ్న అడగ్గానే అందరికంటే ముందు లేచేది ఆ పిల్ల ఎడమ చెయ్యే.