నాంచారమ్మ ముగ్గు పోసిన ప్లాను

మాచర్ల క్వారీల్లో నాపరాళ్ల మధ్య పెరిగింది నాంచారమ్మ. పెళ్లయ్యాక మొగుడు కొండలుతో కలిసి ఇరవై ఏళ్లు గోడలు కట్టింది. రాయి మీద పడి అతని కుడిచెయ్యి నలిగిపోయాక తాపీ ఆమె పట్టుకుంది. ఆడదాన్ని మేస్త్రి అనడానికి చాలామందికి నోరు రాలేదు. అయినా ఆమె, కొండలు కలిపి ముఠాలో పదకొండు మంది ఉండేవాళ్లు.

ఎనభై నాలుగులో నరసరావుపేట పత్తి వ్యాపారి పుల్లారావు సాగర్ రోడ్డు పక్కన కొండవాలు కొన్నాడు. డ్యామ్ చూడవచ్చే కుటుంబాలు సెలవుల్లో నాలుగు రోజులు ఉండిపోయేందుకు పన్నెండు వాటాల విడిది కట్టాలని అతని ఆలోచన. ఇంజనీరు చేత ప్లాను గీయించుకొచ్చాడు. బండలు పేల్చి వాలంతా చదును చేయాలి, వేపచెట్లు కొట్టేయాలి, మూడంతస్తుల కాంక్రీటు మేడ లేపాలి. ఆ పని నాంచారమ్మకు చెప్పాడు.

ఏ గీత ఏ గోడో అడిగి తెలుసుకుని ఆమె కాగితం తిరిగిచ్చేసింది.

"ఇది నేను కట్టనయ్యా."

"ఏందీ, చేతగాదా?"

"చేతనవుద్ది. గదులన్నిటికీ పడమటెండే. మే నెల్లో మనుషులు ఉడికిపోతారు. పక్క వాటాలో ఎవురున్నారో కూడా తెలవదు. తలుపేసుకుని కూచునేదానికి ఇంత దూరం రావాలా?"

"ఆయన ఇంజనీరు చదివాడు. నువ్వేం చదివావు?"

"ఏం చదవలా. ఈ కొండ మీద చానా ఎండాకాలాలు పని చేశా. ఆయన ఒక్క మధ్యాన్నం నిలబడ్డాడేమో అడగండి."

ముఠాను తీసుకుని వెళ్లిపోయింది. ఇంటి దగ్గర కొండలు భయపడ్డాడు. "పెద్దోళ్లతో మనకెందుకే? ఇంకెవురూ పనికి పిలవరు."

"పిలవకపోతే క్వారీకి పోతా. రాయి కొట్టటం మర్చిపోలా."

మర్నాడు పొద్దున్నే ముగ్గుపిండి బస్తాతో కొండవాలుకు వచ్చింది. కాపలా ఉండే ఇమాం సాహెబ్ అడ్డంపడ్డాడు. "అయ్య నన్ను తిడతాడు అక్కా."

"నా పేరు చెప్పు తమ్ముడా."

బండల్నీ చెట్లనీ కదపకుండా, మెట్లు మెట్లుగా పన్నెండు వాటాలకు నేల మీద ముగ్గు పోసింది. తలుపులన్నీ తూర్పుకు, అన్నిటినీ కలుపుతూ పొడుగాటి అరుగు, నడిమధ్యన అందరికీ ఒకటే వంటిల్లు. పుల్లారావు వచ్చి చెప్పుకాలితో చెరిపేశాడు. ఆమె మళ్లీ పోసింది. మర్నాడూ చెరిపాడు. ఆమె మళ్లీ పోసింది.

మూడోరోజు కారులో అతని తల్లి కోటేశ్వరమ్మ కూడా వచ్చింది. ముగ్గు గీతల వెంట అరుగంతా నడిచి, వేపనీడన బండ మీద కూచుంది.

"గాలి బాగుందిరా. వంటిల్లు ఇక్కడుంటే నలుగురం మాట్లాడుకుంటా వండుకోవచ్చు," అంది.

పుల్లారావు తనూ వెళ్లి ఆ నీడన నిలబడ్డాడు. చివరికి నాంచారమ్మ వైపు తిరిగాడు. "రెండు వాటాలు, ఆ వంటిల్లు కట్టు. ఎండాకాలం చూస్తా. బాగాలేకపోతే పడగొట్టిస్తా."

"బాగాలేకపోతే నేనే పడగొడతా."

మే నెలలో ఆ రెండు వాటాల్లో గుంటూరు నుంచి ఒక కుటుంబం, నల్గొండ నుంచి ఒక కుటుంబం దిగాయి. మూడోరోజుకల్లా ఒకే పొయ్యి మీద వండుకుని, అరుగు మీద ఒకే బంతిన కూచుని తిన్నాయి. మిగతా పదీ కట్టమని పుల్లారావే ఇమాం సాహెబ్ చేత కబురంపాడు.

ప్రారంభం నాడు గేటు పక్కన రాతిపలక మీద ఇంజనీరు పేరు చెక్కించారు. కూలీలకు బయట షామియానా కింద భోజనాలన్నారు. నాంచారమ్మ చీర చెంగు దోపుకుని లోపలికి నడిచి అరుగు నడుమ కూచుంది.

"ఇది గెస్టులకమ్మా," అన్నాడు పుల్లారావు గుమాస్తా.

"నలుగురూ కూచునేదానికే కట్టా. విస్తరి ఇక్కడెయ్యి."

ముఠా ఆడవాళ్లు, వాళ్ల వెనక మగవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన కూచున్నారు. కొండలు కాసేపు గేటు దగ్గరే తటపటాయించి, తనూ వచ్చాడు. గుమాస్తా పుల్లారావు వంక చూశాడు. పుల్లారావు తల తిప్పుకున్నాడు. పదకొండు విస్తళ్లు వేసి ఆగిన వడ్డించేవాడితో నాంచారమ్మ, "ఇంకొకటి తే, ఇమాం సాహెబ్ గూడా వస్తన్నాడు," అంది.