సగంలో ఆగిన వంతెన

టెక్సస్‌లో ఆల్విన్ కుబేనా రోజూ నాలుగింటికి, ఒడిలో కొలాచీ బన్నుల పెట్టె పెట్టుకుని, కారులో ముప్పై మైళ్లు చుట్టు తిరిగి, ఏటికి అవతల వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఉన్న భార్య ఎర్లీన్ దగ్గరికి వెళ్లేవాడు. ఇంటి పక్కనుంచే మొదలైన టోల్ వంతెన డబ్బు చాలక సగంలో ఆగిపోయింది. మొన్న రోడ్ల శాఖ సభలో టోపీ చేత్తో పట్టుకుని లేచాడు.

"మిగతా సగం ప్రభుత్వమే కట్టొచ్చుగా, అమ్మాయ్?"

"రోడ్లకని తీసిన పన్నుల డబ్బు టోల్ రోడ్లకి పెట్టకూడదని రాష్ట్ర రాజ్యాంగంలోనే ఉంది, తాతగారూ," అంది అధికారిణి.

"ఆ రూలు పెట్టాలని ఊరంతటి చేతా ఓటేయించింది నువ్వేగా, ఆల్విన్!" వెనక ఎవరో నవ్వారు.

"అవును. మళ్లీ పెట్టినా అలాగే వేస్తా," అన్నాడు. గొంతు తగ్గింది. "అప్పుడు ఎర్లీన్ ఇంట్లోనే ఉండేది."

నిన్న డాక్టరు, చూపు మసకేసింది, ఇక కారు నడపొద్దన్నాడు. ఇవాళ నాలుగింటికి ఆల్విన్ వంతెన కొసదాకా నడిచి, అవతలి కిటికీలకేసి టోపీ ఊపాడు. ఏది ఆమెదో కనిపించక, అన్నిటికీ ఊపాడు.