నడిపోడు అమ్ముడుపోయిన రోజు

మా అక్క చెవి ఎలాంటిదంటే, వీధి చివర సైకిల్ బెల్లు మోగితే అది శ్రుతి తప్పిందని ఇంట్లోంచే చిరాకు పడుతుంది. ఒకసారి మా ఫ్యాను కూతను బట్టి "రేపటికి ఆగిపోతుంది" అంది. మర్నాడు ఆగిపోయింది. స్విచ్ కట్టేసింది తనేనని అమ్మ అంటుంది. అమ్మ మాటలు పట్టించుకోకండి. పదో తరగతి గుమ్మం దాకా వెళ్ళి, లోపల గాలి ఆడటం లేదని వెనక్కొచ్చినవాణ్ణి నేను. నాకు అబద్ధాలాడే చదువు ఎక్కడిది?

అక్క వాయిద్యాల దుకాణంలో పని చేస్తుంది. గాజు తలుపు తోసుకుని లోపలికెళితే ఎడమ గోడ నిండా ఎలక్ట్రిక్ గిటార్లు, పట్టుచీరల కొట్టులో బొమ్మల్లా నిటారుగా నిలబడి ఉంటాయి. వాటిలో ఎక్కువ బేరం తగిలేది ఒకే మోడల్‌కి. అదే మూడు రకాల్లో వస్తుంది. పెట్టె మీద స్టాండర్డ్, డీలక్స్, కస్టమ్ అని రాసుంటుంది. అక్క మాత్రం చిన్నోడు, నడిపోడు, పెద్దోడు అంటుంది. ముగ్గురిదీ ఒకే ఒడ్డూ పొడుగూ, ఒకే నడుము వంపు. ఒక తల్లి పిల్లలే, పెంపకంలో తేడా.

చిన్నోడికి మెరుపు లేని రంగు, మెడ పొడవునా వేళ్ళు నొక్కే మెట్ల మీద ఉత్త చుక్కలు. తీగల కింద శబ్దాన్ని పట్టే పికప్‌లు సన్నవి. గొంతు భలే తేటగా ఉంటుంది కానీ, పెద్ద దీపాలున్న చోటికి తీసుకెళితే తేనెతుట్టె కదిపినట్టు జుమ్మంటాడు. నడిపోడికి జంట పికప్‌లు. ఎన్ని దీపాల కిందైనా నోరు మూసుకుని కూర్చుంటాడు. ఈ ఇద్దరికీ తీగలు కట్టే బ్రిడ్జి కదలదు. ఇక పెద్దోడు! ఒంటి నిండా పులిచారల చెక్క, అంచు చుట్టూ తెల్లటి పట్టీ, మెట్ల మీద ముత్యపు చిప్ప. వాడి బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. దానికో కడ్డీ. కడ్డీ నొక్కితే స్వరం కిందికి జారుతుంది, వదిలితే పైకొస్తుంది. వినడానికి బ్రహ్మాండం. కానీ తీగల బిగువూ స్ప్రింగుల బిగువూ సరిసమానంగా ఉన్నంతసేపే వాడు మంచివాడు. ఒక్క తీగ తెగిందా, స్ప్రింగులదే పైచేయి అవుతుంది. మిగతా ఐదు తీగలూ ఒక్కసారిగా శ్రుతి దాటి పైకెక్కి కూర్చుంటాయి. పైగా తీగలన్నీ రెండు చివర్లా మరలు వేసి బిగించి ఉంటాయి కాబట్టి అప్పటికప్పుడు సరిచేయడానికీ లేదు.

ఇదంతా కొనేవాళ్ళకి అక్క దాచకుండా చెప్పేస్తుంది. పెద్దోణ్ణి కొందామని మెరిసే కళ్ళతో వచ్చినవాళ్ళు నడిపోణ్ణి భుజాన వేసుకుని వెళుతుంటారు. కొందరు ఏమీ కొనకుండా "ఇంట్లో ఉన్నదే బాగు చేయించుకుంటాం" అని వెళ్ళిపోతారు. దుకాణం ఓనరు గారు గల్లా దగ్గర కూర్చుని పళ్ళు నూరుకుంటూ ఉంటాడు.

సాయంత్రాలు ఎవరు పిలిస్తే వాళ్ళ వెనక నిలబడి వాయించేది అక్క. పోస్టరులో పేరు ఉండదు, ఫొటోలో సగం భుజం ఉంటుంది. అలాంటిది ఒకరోజు కబురొచ్చింది. ఊరూరా కచేరీలు చేసే గాయని గారి జట్టులో గిటారిస్టు మానేశాడు. మా ఊళ్ళో కచేరీ రోజునే కొత్తవాళ్ళని చూసుకుంటుందట. మొదటి సగం ఒకరు, రెండో సగం ఇంకొకరు. నచ్చినవాళ్ళు ఆమెతో బయలుదేరడమే. ఇద్దరిలో ఒకరు అక్క. రెండోది టోపీ మాస్టారు.

టోపీ మాస్టారు ఎవరో కాదు, అక్కకి మొదట గిటారు పట్టుకోవడం నేర్పినాయన. స్నానానికి కూడా టోపీ తియ్యడని ప్రచారం చేసింది నేనే, నిజమై ఉంటుందని నా నమ్మకం.

అక్క ముందే ఓనరు గారిని అడిగి పెట్టుకుంది, ఆ ఒక్క సాయంత్రానికి నడిపోణ్ణి ఇవ్వమని. తన సొంత గిటారు చిన్నోడు. ఆ హాల్లో దీపాలు మామూలువి కావు. గాయని గారు పాడే నెమ్మది పాటలో జుమ్మంటే ఇక చెప్పేదేముంది? ఓనరు గారు సరేనన్నాడు. దుకాణంలో నడిపోడు మిగిలింది ఒక్కడే.

కచేరీ రోజు పొద్దున్న దుకాణం తెరిచీ తెరవకముందే మాస్టారు దిగబడ్డాడు. నేను అక్కడే ఉన్నాను, స్టూలు మీద కూర్చుని దుకాణాన్ని పర్యవేక్షిస్తూ.

"అమ్మాయ్, దాపరికం ఎందుకు, సాయంత్రం మనిద్దరికీ పోటీ," అన్నాడాయన. "నా పాతది ఆ దీపాల కింద గోల చేస్తుంది. కొత్తది కొందామని వచ్చా. ఏది తీసుకోమంటావో నువ్వే చెప్పు."

ఓనరు గారు గల్లా వెనక నుంచి పెద్దోడి వైపు కళ్ళు తిప్పుతున్నాడు. నేనైతే కళ్ళూ చేతులూ కాళ్ళూ అన్నీ తిప్పాను. పెద్దోడనవే తల్లీ, పెద్దోడని ఒక్క మాట అను!

అక్క గోడ వైపు చూసింది. చేతిలో ఉన్న తుడిచే గుడ్డని మడతపెట్టింది. మళ్ళీ విప్పింది.

"పెద్దోడు వద్దు మాస్టారూ. తీగ తెగితే పరువు పోతుంది. మీ చేతికి, ఆ హాలుకి నడిపోడే సరి."

"నువ్వు చెప్పావంటే ఇంకేం!" అని మాస్టారు నడిపోణ్ణి సంచిలో పెట్టించుకుని టోపీ సర్దుకుంటూ వెళ్ళిపోయాడు.

గాజు తలుపు మూసుకోవడమే తడవు, నేనూ ఓనరు గారూ ఒకేసారి అక్క మీద పడ్డాం.

"ఖరీదైనది అమ్మమని సైగ చేస్తుంటే కనపడలేదా?" అన్నాడు ఓనరు గారు.

"నీకు బుర్రుందా? నీ గిటారుని నువ్వే అమ్ముకున్నావు, అదీ నీ పోటీదారుడికి!" అన్నాను నేను.

"అడిగాడు కదరా. అడిగితే ఏం చెప్పను?"

"అబద్ధం చెప్పాలి! లోకం అంతా అదే పని మీద ఉంది!"

"ఆ విద్యంతా నువ్వే లాగేసుకున్నావు, నాకు మిగల్చలేదు," అంది. నవ్వలేదు మాత్రం.

చివరికి ఓనరు గారే తేల్చాడు. "ఇక పెద్దోణ్ణే తీసుకెళ్ళు. నలుగురి కళ్ళల్లో పడుతుంది. గీత పడిందంటే మాత్రం నువ్వే కొనుక్కోవాలి." అక్క పెద్దోణ్ణి దించి, కొత్త తీగలు వేసి, సాయంత్రం దాకా సాగదీసి సాగదీసి శ్రుతి పెట్టింది. కొత్త తీగకి మొదటి రోజు నమ్మకం ఉండదని తనే అందరికీ చెబుతుంది. పాతవాటికి తుప్పు పట్టి ఉంది, ఇంక దారి లేదు. మధ్యాహ్నం అన్నం కెలికి వదిలేసింది. అడిగితే, "ఇది తప్పితే మళ్ళీ పిలిచేవాళ్ళు ఉండరురా," అంది. ఆ తర్వాత నేను జోకులు తగ్గించాను. నా చరిత్రలో అలా జరగడం అదే మొదలు.

సాయంత్రం ఆ బరువైన యాంప్లిఫయర్‌ని ఒంటిచేత్తో హాలు దాకా మోసింది నేనే. ఆటోవాడు కాస్త సాయపడ్డాడు.

తెర పక్కన ఇరుకు వసారాలో మాస్టారు కనపడ్డాడు. అక్క సంచి జిప్పు తీయగానే పులిచారలు చూసి ఆయన మొహం మారిపోయింది.

"నన్ను వద్దన్నావు కదమ్మాయ్ దీన్ని?"

"మిమ్మల్ని వద్దన్నాను మాస్టారూ. నన్నెవరు వద్దన్నారు?"

"నడిపోడు ఇంకోటి లేడా?" అన్నాడు. అక్క తల వంచుకుని కడ్డీ బిగించుకుంటోంది. ఆయన నా వైపు చూశాడు. నేను పైకప్పు చూశాను. ఆయనకి అర్థమైంది. ఏదో అనబోయాడు, అంతలో ఆయన్ని పిలిచారు.

మొదటి సగం మాస్టారు చక్కగా వాయించాడు. నెమ్మది పాటలో నడిపోడు ఒక్క జుమ్మన్న శబ్దం చేస్తే ఒట్టు. చప్పట్లు గట్టిగానే పడ్డాయి. చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చి మా పక్కనే నిలబడ్డాడు, నడిపోడు మెడలోనే ఉన్నాడు.

అక్క వెళ్ళింది. మొదటి పాట బాగుంది. రెండోది ఇంకా బాగుంది. మూడోది హుషారు పాట, దాని చివరి స్వరం మీదే ఆగకుండా నాలుగోది మొదలవుతుంది. అది మెత్తటి పాట. డ్రమ్ములు ఉండవు, గాయని గొంతూ గిటారూ, అంతే.

హుషారు పాట ఆఖరి దెబ్బ కొట్టింది అక్క. టప్‌మని సన్నటి చప్పుడు. హాల్లో ఎవరికీ వినపడి ఉండదు. నాకు వినపడింది. అన్నింటికంటే సన్నటి తీగ తెగి, మీసంలా చుట్టుకుపోయి దీపాల్లో మెరుస్తోంది.

గాయని గారు కళ్ళు మూసుకుని స్వరం పట్టి నిలబెట్టింది. ఆ స్వరం అయిపోగానే గిటారు అందుకోవాలి. ఒక్క ఊపిరి వ్యవధి. ఐదు తీగలూ పైకెక్కి ఉన్నాయి. మరలు విప్పే తాళం అక్క జేబులోనే ఉంది, కానీ విప్పడానికి టైమేదీ?

మాస్టారు మెడలోంచి నడిపోణ్ణి తీసి రెండు చేతులతో అక్క వైపు చాచాడు. "రా, రా," అంటున్నాయి ఆయన పెదాలు. తెర దాకా రావాలంటే గాయనిని ఒంటరిగా వదిలేసి రావాలి. వైరు పీకి వేరేదానికి పెట్టాలి. పీకితే హాలంతా ఫెటేల్‌మంటుంది. అక్క ఆయన్ని చూసింది. లేదన్నట్టు తల కదిపింది.

తర్వాత చేసిన పని నేను కళ్ళారా చూడకపోతే నాకే కోతలనిపించేది. కుడిచేతి చివరి రెండు వేళ్ళూ కడ్డీ మీద వేసి కిందికి నొక్కింది. కడ్డీ నొక్కితే స్వరం కిందికి జారుతుందని చెప్పాను కదా. తీగలు ఎంత పైకెక్కాయో అంత కిందికి దించి, అక్కడ ఆపి పట్టుకుంది. మిగిలిన వేళ్ళతో మీటడం మొదలుపెట్టింది. తెగిన తీగ మీద వాయించాల్సిన స్వరాల కోసం ఎడమచేయి పక్క తీగ మీదే బాగా పైమెట్లకి పాకింది.

శ్రుతి కలిసింది!

కలవడం ఒక ఎత్తు, నిలబెట్టడం ఇంకో ఎత్తు. ఆ స్ప్రింగులు అడుగడుగునా చేతిని పైకి తోస్తుంటాయి. వెంట్రుకవాసి వదిలినా స్వరం పైకి లేస్తుంది, ఇంకాస్త నొక్కినా కిందికి పడుతుంది. అక్క కళ్ళు ఎటూ చూడటం లేదు. దవడ బిగుసుకుపోయింది. చరణం అయ్యేసరికి చిటికెనవేలు తెల్లబడింది. నేను ఇక్కడ నా వేళ్ళు బిగించి ఉన్నాను, నేను వదిలితే తీగ జారిపోతుందన్నట్టు. మాస్టారు టోపీ తీసి చేతిలో నలిపేస్తున్నాడు. బట్టతల! అంత కంగారులోనూ అది చూశాను, చూసి మళ్ళీ అక్క వైపు తిరిగాను.

రెండో చరణంలో చేయి వణకడం మొదలైంది. వణికిన ప్రతిసారీ స్వరమూ వణికింది. సన్నగా, నీళ్ళ మీద దీపం నీడ కదిలినట్టు. అయిపోయింది, దొరికిపోయింది అనుకున్నాను. గాయని గారు కళ్ళు తెరిచి అక్క వైపు తిరిగింది. ఆమె గొంతు ఇంకా తగ్గించి, దాదాపు మాటలా పాడింది. చెమటకి చొక్కా అక్క వెన్నుకి అంటుకుపోయింది. ఆఖరి స్వరం... పట్టుకుంది... పట్టుకుంది... పూర్తిగా చచ్చిపోయేదాకా పట్టుకుని, అప్పుడు వదిలింది.

చప్పట్ల మధ్య మాస్టారు గబగబా వెళ్ళి నడిపోణ్ణి అక్క మెడలో వేసి, పెద్దోణ్ణి తెచ్చి నా చేతిలో పెట్టాడు. మిగతా పాటలు నడిపోడితో అయిపోయాయి.

కచేరీ ముగిశాక గాయని గారు వసారాలోకి వచ్చింది. టవల్ మెడ మీద వేసుకుని సూటిగా అక్క దగ్గరికే. "ఆ మెత్తటి పాటలో స్వరాన్ని అలా వణికించావు చూడూ... ఎవరు నేర్పారమ్మా? ఇన్నేళ్ళలో ఎవరూ అలా వాయించలేదు."

నా గుండె లేచి కూర్చుంది. నోరు మూసుకుని చిన్నగా నవ్వవే అక్కా, అదొక్కటి చాలు!

"నేర్చుకున్నది కాదు మేడం," అంది అక్క. "తీగ తెగింది. కడ్డీ పట్టుకుని శ్రుతి ఆపాను. చేయి లాగేసి వణికింది. కావాలని చేయలేదు."

నేను గోడకి చేరగిలబడ్డాను. పొద్దున్న గిటారు పోగొట్టుకుంది, సాయంత్రం గౌరవం పోగొట్టుకుంటోంది. ఒకే రోజున రెండు!

"తీగ తెగిందా?" అంది గాయని. "ఎప్పుడు?"

"మూడో పాట చివర."

"అంటే ఆ పాటంతా..." ఆమె నా చేతిలోని పెద్దోణ్ణి చూసింది, వేలాడుతున్న తీగ చూసింది. మాస్టారి వైపు తిరిగింది. "మీరు చూశారా?"

మాస్టారు చేతిలోని టోపీని ఒకసారి తిప్పాడు. ఔననకుండా ఊరుకుంటే చాలు, జట్టులో చోటు ఆయనదే.

"చూశాను," అన్నాడు. "నేనైతే పాట ఆపేసేవాణ్ణి."

గాయని గారు అక్క కుడిచెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. చిటికెనవేలి మీద కడ్డీ గుర్తు ఎర్రగా దిగి ఉంది. "నా పక్కన ఇంత జరుగుతుంటే నాకు తెలియనివ్వలేదు. నాకు కావలసింది అదే. బట్టలు సర్దుకో," అంది. వెళ్ళబోతూ వెనక్కి తిరిగింది. "ఆ వణుకు మాత్రం ప్రతిచోటా ఉండాలి సుమా. ఆ గిటారే తెచ్చుకో."

అక్క మొహం చూడాలి! జీవితమంతా ఎవర్నీ కొనొద్దని చెప్పిన గిటారు, ఇక తనే కొని మోసుకు తిరగాలి.

"మాస్టారూ, నడిపోణ్ణి నాకిచ్చి ఇది మీరు తీసుకోకూడదూ?" అని అడిగి చూసింది.

"ఇంకా నయం," అన్నాడు మాస్టారు టోపీ పెట్టుకుంటూ. "నాకు పెద్దోడు వద్దని ఒక మంచి అమ్మాయి చెప్పింది."

వెళ్ళే ముందు రోజు కూడా అక్క దుకాణానికి వెళ్ళింది. కచేరీ చూసిన ఒకాయన వచ్చి, ఆ వణికే పులిచారల గిటారు కావాలన్నాడు. ఓనరు గారు కుర్చీలోంచి లేచి మరీ నవ్వాడు. అక్క కుడిచేతి వేళ్ళకి ఇంకా బ్యాండేజీ ఉంది. ఆ చేత్తోనే గోడ మీదున్న ఇంకో పెద్దోణ్ణి చూపించింది.

"అది వద్దండీ," అంది. "రేపు నడిపోడు వస్తున్నాడు. ఒక్కరోజు ఆగండి."