మీకా గ్రంథం అంచున నా ప్రశ్న

కెలమంగలం బస్సులో ఒకామె నా పక్కన కూర్చున్నది, ఇది నిశ్చయం. బేత్లెహేములో రక్షకుడు పుడతాడని మీకా ప్రవక్త ముందే చెప్పాడన్నది ఆమె విన్న మాట. హోసూరు దాటింది మొదలు అదే బోధ. విసిగిపోయి అడిగాను: "ఆ ప్రవచనం తెలిసినవాళ్ళే తరువాత యేసు పుట్టిన కథను దానికి సరిపెట్టి రాసి ఉండవచ్చు కదమ్మా?"

ఆమె తన బైబిలులో మీకా గ్రంథం పుట అంచున ఆ ప్రశ్నను పెన్సిలుతో రాసుకున్నది. "నీకేమప్పా, అడిగి దిగిపోతావు. ఆదివారం నాకు బాప్తిస్మం. మా పట్టుపురుగులు పొర విడిచే నిద్రలో ఉన్నప్పుడు ఆకు వేయము, అన్నీ లేచినాకే వేస్తాము. జవాబు దొరికేదాకా నేనూ ఆగుతాను."

నేను కోరినది ఆమె నోరు మూయించడమే, బాప్తిస్మం ఆపడం కాదు. అయినా దిగిపోయాను. ఆమె బాప్తిస్మం పొందిందో లేదో ఇప్పటికీ తెలియదు. ప్రతి మాటకూ ఆధారం అడిగే నేను ఆమె పేరు అడగలేదు.