ఫోనుకి పెట్టిన సారె లడ్డూ

ఒక్క లడ్డూతో మనిషి పరువు వీధి చివరిదాకా ఎలా పోతుందో చెబుతాను, వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి. మా వీధివాళ్ళు ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

అప్పుడు నేను బదిలీ మీద చీపురుపల్లి వచ్చి, ఒక మేడ మీద గదిలో దిగాను. ఊరంతా చుట్టాలే, ఉట్టి కట్ట చోటు లేదంటారు. నాకు చూస్తే బోలెడు చోటు, చుట్టమే లేడు. ఆదివారం నోరు విప్పే పనే ఉండేది కాదు. సోమవారం ఆఫీసులో నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. పోనీ తోడుంటానని పొట్టొక్కటీ పెరగసాగింది.

ఆ పొట్ట కోసమే ఫోన్‌లో వ్యాయామం క్లాసులో చేరాను. తెర మూల ఎర్రగా 'లైవ్' అని వెలిగేది. మొదటిరోజే టీచరమ్మ కేకేసింది.

"వెనక వరసలో అన్నయ్యా! మోకాలు ఇంకా పైకి!"

గది ఇరుకు కాబట్టి నేను వెనక గోడకే ఆనుకుని ఉన్నాను. అంటే నన్నే! ఈ ఊళ్ళో నన్ను గమనించిన మొదటి మనిషి ఆవిడే. మర్నాటి నుంచి తల దువ్వుకుని, కొత్త టీషర్టు వేసుకుని క్లాసుకి నిలబడ్డాను. కబుర్లూ మొదలుపెట్టాను.

"రాత్రి వంకాయ కూర మాడిపోయిందండీ."

"సూపర్! అలాగే చెయ్యండి!"

"మా ఆఫీసరు అందరి ముందూ తిట్టాడండీ."

"చాలా బాగుంది! ఇంకొక్కసారి!"

జవాబులు కాస్త అటూ ఇటూగా ఉండేవి, నిజమే. ఆకలి రుచి ఎరుగదు, ఒంటరితనం అర్థం అడగదు.

ఇంతలో శృంగవరపుకోటలో మా చిన్నాన్న కొడుకు పెళ్ళి. "రేపు రాలేనండీ" అని టీచరమ్మకి చెప్పే వెళ్ళాను. తిరిగొచ్చేటప్పుడు అమ్మ నా సంచిలో కోడలి సారె లడ్డూలు పెట్టింది.

"ఒక్కడివే మెక్కీకు. సారె పంచాల. నీ గదికాడ నలుగురికీ ఎట్టు."

నలుగురు! దారిపొడుగునా రైల్లో ఆలోచించాను. ఒక్క పేరే తట్టింది.

మర్నాడు పొద్దున్నే పళ్ళెంలో లడ్డూ పెట్టి ఫోను ముందుంచాను. "నిన్న రాలేకపోయానండీ. ఏమీ అనుకోకండి. ఇదిగో, సారె."

ఆవిడ చిరునవ్వు నవ్వింది. "నిన్న అందరూ అదరగొట్టేశారు! ముఖ్యంగా వెనక వరసలో అన్నయ్య!"

నిన్న ఆ వేళకి నేను పెళ్ళిపందిట్లో కుర్చీలు మోస్తున్నాను.

అప్పటికి వెలిగింది నాకు. ఆ 'లైవ్' ఉత్తదే; అది ఎప్పుడో, ఏ ఊళ్ళోనో తీసి పెట్టుకున్న క్లాసు. ఆ అన్నయ్య వేరే ఎవరో. ఆయనకి ముందు మనుషులున్నారు, పక్కన మనుషులున్నారు. నాకు గోడ ఉంది. నవ్వుకోవలసిందే గానీ ఏడుపొచ్చింది.

"నేను రాలేదని కూడా తెలీలేదా మీకు?" అని అరిచాను.

తలుపు దబదబా మోగింది. తీస్తే చీపురుతో ఇంటి ఓనరు రవణమ్మ పిన్ని!

"ఎవుల్రా ఆ ఆడమనిసి? రోజూ నీ మాటలు ఇంతన్నాను! నిన్నేటి పలకలేదు, ఈయేళ దెబ్బలాటేటి?"

"ఎవరూ లేరు పిన్నీ, ఫోను..."

పిన్ని మంచం కింద చూసింది, తలుపు వెనక చూసింది. చివరికి ఫోన్నీ లడ్డూనీ చూసింది.

"ఓలమ్మో! ఫోనుకి లడ్డూ ఎట్టినావా?"

"సారె పిన్నీ... పంచాలి కదా."

పిన్ని కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ, నా మొహం చూసి ఆగిపోయింది.

"కింద మేం మనుసులం కామేటిరా?"

నేనెప్పుడూ అద్దె ఇవ్వడానికి తప్ప ఆ గుమ్మం తొక్కలేదు. పిన్ని లడ్డూ అందుకుని సగం కొరికింది. "పద. కల్యాణమండపం కాడ డ్రిల్లు మాస్టారు కసరత్తు సేయిత్తన్నారు. మేమందరం ఎల్తన్నాం."

దారిలో ప్రతి గుమ్మం దగ్గరా పిన్ని ఆగింది, కథ చెప్పింది. నేను మండపం చేరేసరికి నా పేరు మారిపోయింది.

"ఓహో, లడ్డూ అంటే నువ్వేనా? ఇలా ముందుకి రా," అన్నారు మాస్టారు.

కొన్నాళ్ళకి ఒక పొద్దున వాన పడుతోంది. ఇవాళ ఎవడొస్తాడులే అని ముసుగు తన్నాను. కాసేపటికే మెట్ల మీద గొడుగులు, కేకలు.

"ఒరే లడ్డూ! ఏటి రాలేదు? బతికున్నావా, సచ్చినావా?"

మాస్టారు, పిన్ని, కసరత్తులో మా వెనక వరస ఆడవాళ్ళు తడిసిన కాళ్ళతో వరసగా నిలబడి, తలా ఒక తిట్టు తిట్టారు. నేను రాలేదని వాళ్ళకి తెలిసింది. అంత కమ్మగా నన్నెవరూ తిట్టి చాలాకాలమైంది.

ఆ మెట్ల మీదే, దుప్పటి కప్పుకునే శపథం చేశాను. నేను రాని రోజు నన్ను మెచ్చుకునేవాళ్ళకి ఈ జన్మలో లడ్డూ పెట్టను. రాలేదని గుమ్మమెక్కి తిట్టేవాళ్ళకే పెడతాను.