ఎర్ర బండి, తెల్ల బండి, మధ్యలో బోదె

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఉండేది కాదు. ఇరవై మూడేళ్ళ వయసు, చేతిలో బీకాం పట్టా, చెయ్యడానికి పనేమీ లేకపోవడం, ఈ మూడూ ఒకచోట చేరితే మనిషికి సర్వజ్ఞత్వం దానంతటదే వచ్చేస్తుంది. డిగ్రీ అయ్యి రెండేళ్ళు దాటినా ఇంట్లోనే ఉన్నాను. ఎవరైనా అడిగితే మా అమ్మ "మావాడు ప్రయత్నాల్లో ఉన్నాడండి" అని చెప్పేది. ఆ ప్రయత్నాలేమిటంటే, నెలకోసారి బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల వాడి దగ్గర బండ్ల గురించి రాసే ఇంగ్లీషు పత్రికలు అయిదారు కొనుక్కుని, మళ్ళీ బస్సెక్కి వచ్చెయ్యడం. (నాకు అప్పటికి సొంతంగా సైకిలు తప్ప ఏమీ లేదు. దానికీ స్టాండు విరిగిపోయింది, గోడకి ఆనించేవాణ్ణి.) అయినా ఏ దేశపు ఎడారిలో ఏ పికప్ ట్రక్కు ఎంత ఇసక దాటిందో, ఏ కొండ మీద ఏది వెనక్కి జారిందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. టార్కు, గ్రౌండ్ క్లియరెన్సు, అప్రోచ్ యాంగిల్ లాంటి మాటలు లేకుండా నోరు విప్పేవాణ్ణి కాదు. పక్కింటాయన తన ఎద్దు పొలం దమ్ము చేస్తూ బురదలో కూలబడిపోయిందని బాధపడుతుంటే, దానికి టార్కు, అంటే లాగే బలం, సరిపోలేదండి అన్నాను. ఆ సాయంత్రం నుంచీ ఊళ్ళో నా పేరు టార్కు. వెటకారమని అందరికీ తెలుసు. నేను మాత్రం బిరుదనుకున్నాను.

మా ఊళ్ళోనే ఉండే మా మేనమామకి ఊరి పొలిమేరలో చేపల చెరువులుండేవి. మేత బస్తాలు వేసుకెళ్ళడానికీ, చేపలు పట్టే పట్టుబడి రోజున ట్రేలు తారు రోడ్డు మీదున్న లారీ దాకా చేర్చడానికీ ఆయనకున్నది ఒక పాత జీపు. దాని డ్రైవరు మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఒకే వయసులో ఉన్న ముసలాయన, అందరికీ జీపు తాత. ఆ జీపుకి హారను తప్ప అన్నీ మోగేవి. చివరికి ఒక వానాకాలం అది రోజు విడిచి రోజు మొరాయించడం మొదలుపెట్టేసరికి, మావయ్య కొత్త పికప్ కొనాలని నిశ్చయించుకున్నాడు. నన్ను పిలిచి, నా ముందు కూర్చుని, "ఒరేయ్, బండ్ల గురించి బాగా చదువుతావంట కదా. ఏది కొనాలో నువ్వు తేల్చు. సరైన బండి తెచ్చావా, చెరువుల మీద మేనేజరువి నువ్వే. లేదంటే తణుకులో మీ బాబాయి ఎరువుల కొట్లో కూర్చుందువు గాని, మీ అమ్మతో నేను మాట్లాడతాను" అన్నాడు. మా బాబాయి కొట్లో కూర్చోవడమంటే పొద్దున్నించి సాయంత్రం దాకా యూరియా వాసన పీలుస్తూ ఆయన యవ్వనంలో ఆడిన వాలీబాల్ గురించి వినడం. నా బతుకంతా ఆ పికప్ మీద ఆధారపడిందని నాకు ఆ క్షణంలోనే అర్థమైపోయింది.

అప్పుడు బజార్లో మావయ్యకి పనికొచ్చే ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పులు రెండే కనిపించాయి. వాటి కంపెనీల పేర్లెందుకు గాని, మా ఊళ్ళో ఒకటి ఎర్ర బండి, రెండోది తెల్ల బండి. (రెండూ అన్ని రంగుల్లోనూ దొరికేవి. మా ఊరికి వచ్చిన కాగితాల్లో బొమ్మలు మాత్రం అలా ఉన్నాయి.) నేను గ్రాఫు కాగితం మీద పెద్ద పట్టిక గీసి మావయ్య ఇంటి వసారాలో గోడకి అంటించాను. వారం తిరిగేసరికి ఊరు రెండు ముక్కలైపోయింది. ఆరెంపీ డాక్టరుగారు తెల్ల బండి వైపు, పోస్టుమాస్టరుగారు ఎర్ర బండి వైపు. మంగలి షాపులో గడ్డం సగం గీశాక ఎటువైపని అడిగేవారు, సమాధానాన్ని బట్టి మిగతా సగం ఎంత శ్రద్ధగా గీస్తారన్నది ఉండేది. జన్మలో ఈ రెంటిలో ఏదీ ఎక్కబోని వాళ్ళు కూడా మాటా మాటా అనుకుని పలకరింపులు మానేశారు. గోదావరి జిల్లాలో మనిషికి అభిప్రాయం లేకపోవడమంటే చొక్కా లేకుండా పెళ్ళికెళ్ళడంతో సమానం కదా. వీళ్ళందరి మధ్యా నేను ఒక పుల్ల పట్టుకుని గోడ మీది పట్టిక చూపిస్తూ, అప్రోచ్ యాంగిల్ అంటే ముక్కు తగలకుండా బండి ఎంత నిటారు కొండెక్కగలదో అని రోజుకి రెండు పూటలా వివరించేవాణ్ణి. మనదంతా నేల పరిచినట్టుండే డెల్టా అనీ, ఏటిగట్టు తప్ప ఎత్తన్నది కంటికి కనపడదనీ, ఇక్కడ కొండలెక్కే బండి ఏ కొండెక్కాలనీ ఒక్కరూ అడగలేదు. నాకూ ఆ అనుమానం రాలేదు.

ఇక బండ్లు చూపించడానికి షోరూముల వాళ్ళు వచ్చిన రోజు. ఒకేరోజు ఇద్దర్నీ రమ్మనమన్నది నా ఆలోచనే, ఎదురెదురుగా తేలిపోవాలని. ఎర్ర బండితో టై కట్టుకున్న కుర్రాడూ, తెల్ల బండితో కళ్ళజోడు కుర్రాడూ పది గంటలకల్లా దిగారు. టై కుర్రాడు బుద్ధిమంతుడు, దిగుతూనే "సార్, ముందు మీ చెరువుల దగ్గరికి పోనిద్దామా, అక్కడ నడిపి చూపిస్తే మీకూ నమ్మకంగా ఉంటుంది" అన్నాడు. ఆ మాట లోపల్నించి విన్న మా అత్తయ్య చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చేసింది. ఇంటికొచ్చిన పిల్లల్ని కాఫీ అయినా ఇవ్వకుండా బురదలోకి తోలతారా, రేపు వాళ్ళ ఊరెళ్ళి మన గురించి ఏం చెప్పుకుంటారు అని మావయ్యని నిలదీసింది. దాంతో చెరువుల కార్యక్రమం రద్దయింది. ముందు పెసరట్టు ఉప్మా, మధ్యలో మజ్జిగ, ఒంటిగంటకి నాటుకోడి, గారెలు, రొయ్యల వేపుడు, గుమ్మడికాయ పులుసు, అరిటాకు మడవబోతే "అప్పుడేనా బాబూ" అంటూ మరో గరిటె. ఒక కుర్రాడికి రెండు గారెలు ఎక్కువ పడ్డాయని రెండోవాడికి మూడు. మూడింటికి ఆ ఇద్దరూ లేచి నిలబడ్డారు గాని నడిచే స్థితిలో లేరు. అందుకని బండ్లని దగ్గర్లోనే ఉన్న ఏటిగట్టుకి తీసుకెళ్ళి, కిందనుంచి పైకీ పైనుంచి కిందకీ ఎక్కించి దించారు. రెండూ ఎక్కాయి. ఊరంతా చప్పట్లు కొట్టింది. (ఆ గట్టు నేను సైకిలు మీద రోజూ ఎక్కేవాణ్ణి. అది వేరే సంగతి.)

ఆ సందడిలో జీపు తాత మెల్లగా బండ్ల దగ్గరికొచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి, ఎర్ర బండి ముందు ఈ చివర్నించి ఆ చివరకి చాపి పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తర్వాత తెల్ల బండి దగ్గరా అలాగే చేశాడు. పాపం, పెద్దవాడు, కొత్త బండి మీద దుమ్ము చూడలేక తుడుస్తున్నాడనుకున్నాను. ఆయన మీద కాస్త జాలి కూడా పడ్డాను, ఇక ఈ టెక్నాలజీ ఆయనకేం అర్థమవుతుందని.

ఆ సాయంత్రం నేను ఎర్ర బండి అని తీర్పు చెప్పాను. మావయ్య పట్టికంతా ఓపిగ్గా చూసి, ఒక్క ప్రశ్న వేశాడు.

"అంతా బానే ఉంది గాని, మన చెరువుల మీద నడుస్తుందంటావా?"

"హిమాలయాలెక్కుతుంది మావయ్యా."

మావయ్య సరే కానియ్యి అన్నాడు.

బండి వచ్చింది. పెనుగొండ తీసుకెళ్ళి అమ్మవారి గుడి దగ్గర పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు, దిష్టికి గుమ్మడికాయ, ముందుభాగానికి బంతిపూల దండ. గ్రౌండ్ క్లియరెన్సు మరీ గొప్పగా ఉండడంతో అత్తయ్య ఎక్కలేకపోయింది. నేను వంటింట్లోంచి పీట తెచ్చి వేశాను. ఆ పీట ఆనాటి నుంచీ బండిలోనే ఉండిపోయింది, అత్తయ్య వంటింట్లో కింద కూర్చుని కూరలు తరుక్కోవడం మొదలుపెట్టింది. పూజలూ, చుట్టాల ఇళ్ళకి చూపించడాలూ, మంచిరోజు కాకపోవడాలూ అయ్యేసరికి పది రోజులు గడిచిపోయాయి. పదకొండో రోజున చెరువు పట్టుబడి. బండి మొట్టమొదటిసారి చెరువుల మీదకి బయల్దేరింది. తాత నడుపుతున్నాడు. మావయ్య ముందుసీట్లో, నేను వెనక తొట్టిలో నిలబడి ఉన్నాను, ఊరేగింపులో పెళ్ళికొడుకులాగ. రాత్రి వాన పడి దారంతా జిగట మన్ను. లారీ అప్పటికే తారు రోడ్డు మీద ఐసు వేసుకుని కాచుకుని ఉంది, చెరువులో వల లాగడం మొదలైపోయింది. ఆ బురదలో ఎర్ర బండి వెన్నలో కత్తిలా పోయింది. నేను తొట్టిలోంచి మావయ్య తలని చూస్తూ, మేనేజరుగా నాకు వసారాలో ఏ మూల బల్ల వేయించుకుంటే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను.

అంతలో బండి ఆగింది.

చెరువుల్లోకి పోవాలంటే మధ్యలో పంట బోదె, అంటే పొలాలకి నీళ్ళు పారే కాలవ, దాటాలి. దాని మీద మావయ్య వాళ్ళ తాతగారు కట్టించిన చిన్న వంతెన, అటూ ఇటూ పిట్టగోడలు. ఆయన కాలంలో దాని మీద పోయేది రెండెడ్ల బండి. ఆ కొలతకే కట్టించారు. తర్వాత జీపు వచ్చినా, అటు నాలుగు వేళ్ళూ ఇటు నాలుగు వేళ్ళూ వదిలి సరిగ్గా పట్టేది. ఎర్ర బండి ఆ జీపు కంటే జానెడున్నర వెడల్పు. ముందు చక్రాలు వంతెన దాకా వచ్చి, బంపరు రెండు గోడలకీ తగిలి, బండి గుమ్మానికి అడ్డం పడిన మంచంలా నిలబడిపోయింది. ఇంకో దారి లేదు, చెరువుల చుట్టూ బోదే. గోడలు పగలగొడదామని ఎవరో అన్నారు. ఆ గోడలుండబట్టే వంతెనుందండి అన్నాడు తాత. పోనీ తెల్ల బండైతే అన్నాను నేను. అదింకో రెండు వేళ్ళు ఎక్కువేనన్నాడు. రెండు నెలలు ఊరంతా కొట్టుకు చచ్చిన రెండు బండ్లలో ఏదీ ఆ బోదె దాటదు. నా గోడ మీద పట్టికలో అన్ని గళ్ళున్నాయి, వెడల్పన్న గడి మాత్రం లేదు.

మావయ్య కిందికి దిగి, గోడ మీద చెయ్యి వేసి, తాత వైపు తిరిగాడు.

"నీకు ముందే తెలుసా?"

"తువ్వాలు పెట్టి కొలిచానండి ఆ రోజే."

"మరి చెప్పలేదేంటి?"

"ఎవరూ అడగలేదు కదండీ. బాబుగారు ఇంగ్లీషులో చెప్తున్నారు, అందరూ వింటున్నారు. పెద్ద చదువుల మధ్యలో వంతెన మాటెందుకులే అనుకున్నానండి."

నాకు ఆ బోదెలో దూకెయ్యాలనిపించింది. (మోకాలి లోతే ఉంది, దూకినా ప్రయోజనం లేదు.) అవతల వలలో బొచ్చెలూ శీలావతులూ ఎగిరెగిరి పడుతున్నాయి, ఇవతల లారీలో ఐసు కరుగుతోంది. చేపలు చెడితే మావయ్య ఏడాది కష్టం బోదెపాలు. ఆ మాట ఎవరూ నాతో అనలేదు, అందుకే మరీ బాధేసింది. తాత అప్పటికే బురదలో పడి ఊళ్ళోకి నడిచిపోతున్నాడు. నేనూ ఆయన వెనకే పరిగెత్తాను. షెడ్డులో పడున్న పాత జీపుని పదిమంది తోస్తే, నాలుగోసారి దగ్గి, అయిదోసారి లేచింది. పొద్దున్నించి సాయంత్రం దాకా అది వంతెన మీద అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. ట్రేలు ఎక్కించేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. చొక్కా విప్పి, పంచె ఎగ్గట్టి, తడి ట్రేలు నెత్తిన మోశాను. జీవితంలో టార్కు అంటే ఏమిటో అప్పుడు నా మోకాళ్ళకి తెలిసింది. ఆఖరి ట్రే లారీ ఎక్కేసరికి పొద్దు వాలింది, చేపలు నిలిచాయి. వాడిపోయిన దండతో ఎర్ర బండి ఆ రోజంతా వంతెన ఇవతల పక్కకి తప్పుకుని నిలబడి, మధ్యలో ఒక్కసారి ఇంటి దగ్గర్నించి కూలీలకి పులిహోర గుండిగ ఒక్కటి మోసింది.

తిరిగొచ్చేటప్పుడు నేను మావయ్య మొహం చూడలేక తొట్టిలో ఓ మూల కూర్చున్నాను. తణుకు, యూరియా, వాలీబాల్ అన్నీ కళ్ళ ముందు తిరుగుతున్నాయి. ఇంటి దగ్గర దిగాక ఆయన నా బురద కాళ్ళ వంక చూశాడు. "రేపు మేస్త్రిని తీసుకుని పొద్దున్నే వంతెన దగ్గరికి పో. అది వెడల్పు చేయించే పని నీది. అయ్యాక అక్కడే ఉండు, చెరువులు ఎవరో ఒకరు చూడాలి కదా" అని లోపలికి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. వసారాలో గోడ మీది పట్టిక చింపేద్దామని వెళ్తే, అత్తయ్య అప్పటికే చింపి పొయ్యి రాజేసింది.

ఆ వంతెన నేను దగ్గరుండి కట్టించాను. వెడల్పు ఎంతండీ అని మేస్త్రి అడిగితే ఏమాత్రం ఆలోచించకుండా చేతులు రెండూ బార్లా చాపి, ఇంతకి మూడింతలు అన్నాను. ఒకసారి సిగ్గుపడ్డ మనిషి కొలతలు అలాగే ఉంటాయి. ఇప్పటికీ దాని మీద రెండు లారీలు పక్కపక్కన పోవచ్చు. ఊళ్ళో వాళ్ళు దాన్ని టార్కు వంతెన అన్నారు. తాత పోయాడు, మావయ్య పోయాడు, జీపు ఇనుప సామాన్ల వాడి దగ్గరికి పోయింది. చెరువులు మాత్రం నేనే చూస్తున్నాను. నన్ను టార్కు అని పిలిచేవాళ్ళు ఇప్పుడెవరూ మిగల్లేదు, అందరికీ నేను మేనేజరుగారినే.

మొన్న కొత్తగా చేరిన లారీ డ్రైవరు, పాతికేళ్ళ కుర్రాడు, బోదె దాటి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. వెనక్కి తిరిగి వంతెన వంక మెచ్చుకోలుగా చూశాడు.

"ఇంత చిన్న బోదె మీద ఎంత వెడల్పు కట్టారండీ. ఆ టార్కు దొరెవరో గాని, తెల్లవాళ్ళ ముందుచూపే వేరండి."

అవునయ్యా, చాలా చదువుకున్న మనిషంట అన్నాను. జేబులో చెయ్యి పెట్టి, ఈ పాతికేళ్ళుగా నేను ఎక్కడికెళ్ళినా వెంట ఉండే కొలత టేపుని ఒకసారి తడుముకున్నాను.