లక్క మీద లక్క

మా వీధి చివరింటి ఆయన్ని అందరూ లక్క బాబాయి అంటారు. పరాయి దేశాలకు కేసు కాగితాలు పంపే ఆఫీసులో ముప్పై ఏళ్లుగా ఆయనది ఒకటే పని. కాగితాలకు ఎడమ పక్కన మూడు చిల్లులు పొడిచి, దారం గుచ్చి, చివరి పేజీ వెనక ముడి వేసి, ఆ ముడి మీద ఎర్ర లక్క కరిగించి ముద్ర వేయడం. దారం తెగినా, లక్క పగిలినా అవతలి దేశం కోర్టు ఆ కట్టను ముట్టుకోదు. పని మొదలుపెట్టే ముందు ఆయన ఒక్క క్షణం కళ్లు మూసుకుంటాడు. “దేవుడా, చెయ్యి వణక్కుండా చూడు.” అంతే ప్రార్థన.

ఆ ఏడు, ఉద్యోగాలిప్పిస్తానని ఆడపిల్లల్ని సరిహద్దు దాటించి అమ్మేవాడొకడు పక్క దేశంలో పట్టుబడ్డాడు. నలభై రోజుల్లో మన కాగితాలు కోర్టుకు చేరకపోతే వాణ్ణి వదిలేయాల్సి వస్తుందని అక్కడివాళ్లు రాశారు. వాడు తీసుకుపోయిన ఒక పిల్ల జాడ వాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఆ పిల్ల తల్లి బట్టలు ఇస్త్రీ చేసే మనిషి. రోజూ పని ముగించుకుని వచ్చి ఆఫీసు వరండాలో బల్ల మీద కూర్చునేది. లక్క బాబాయి తన టీలో సగం వేరే గ్లాసులో పోసి ఆమె పక్కన పెట్టేవాడు.

కట్టకు ముద్ర పడిన సాయంత్రం ఆమె లోపలికి వచ్చింది.

“అన్నా, నా పిల్ల ఫొటో దాంట్లోనే పెట్టారంట కదా. ఇంట్లో ఉన్నది అదొక్కటే. ఒక్కసారి చూపించవా?”

“ముద్ర పడిందమ్మా. ఇక నేను కూడా తెరవకూడదు.”

“ముట్టుకోనులే అన్నా. చూస్తానంతే.”

ఫొటో దారానికి ఆనుకుని అతికించి ఉంది. కట్టను బాగా విడదీస్తే గాని మొహం కనబడదు. బాబాయి విడదీశాడు. ఆమె చూసింది, కళ్లు తుడుచుకుంది, వెళ్లిపోయింది. అప్పుడు చూసుకున్నాడు, దారం లాగి లక్క చిట్లింది. చిట్లిన చోట ఇంకో నాలుగు చుక్కలు పోసి, మళ్లీ ముద్ర వేశాడు. తెల్లారి కట్ట విమానమెక్కింది.

ముప్పై ఏడో రోజున ఫోను వచ్చింది. అవతలి ఆఫీసులో ఇలాంటి కట్టలు సరిచూసే పెద్దాయన. మధ్యలో తర్జుమా చేసే అమ్మాయి. ఇటు బాబాయి పై అధికారి మేడమ్, ఆమె పక్కన బాబాయి.

“ముడి మీద లక్క రెండు పొరలుగా ఉందట. లోపలి పొర పగిలి ఉందట. ఎవరైనా కాగితాలు మార్చారా అని అడుగుతున్నారు.”

బాబాయికి రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది. పోసేటప్పుడే అలా వచ్చిందంటే సరిపోయేది.

“మార్చలేదు. నేనే తెరిచాను, తల్లికి ఫొటో చూపించడానికి. చిట్లితే పైన లక్క పోశాను. తప్పు నాదే.”

“ముప్పై ఏళ్ల పేరు నాలుగు చుక్కల లక్కలో ముంచారు కదండీ!” అంది మేడమ్.

తర్జుమా అమ్మాయి ఆ మాటలు అవతలికి చెప్పింది. జవాబు చెప్పేటప్పుడు ఆమె గొంతు మెత్తబడింది.

“ఆయనదీ ఇదే పనట. మీరు దాచి ఉంటే కట్ట తిప్పి పంపేవారట. ఇప్పుడు చెప్పిందే రాసి, మీ మేడమ్ సంతకంతో ఈరోజే పంపమంటున్నారు. మీ దగ్గరున్న నకలు కంప్యూటర్లో పంపితే, పేజీ పేజీ పోల్చి చూసి తనూ సంతకం పెడతారట.”

నూట పద్నాలుగు పేజీలు. అవతలి పెద్దాయన ఆ పూట భోజనానికి లేవలేదని తర్వాత తెలిసింది.

నలభయ్యో రోజున కోర్టు వాణ్ణి వదల్లేదు. ఇంకో రెండు వారాలకు వాడు నోరు విప్పాడు. పిల్ల ఒక కుట్టు కార్ఖానా పైగదిలో దొరికింది. సరిహద్దు గేటు దగ్గర తల్లికి అప్పగించిన రోజు బాబాయి వెళ్లలేదు. ఆయన బల్ల మీద ఇంకెవరిదో కట్ట ఉంది.

ఆ వారమే ఆయనకు మందలింపు కాగితం వచ్చింది. దాన్ని ఆయన సర్వీసు ఫైల్లోనే కలిపి కుట్టాలి. ఆఫీసులో కుట్టేది ఆయనే. మూడు చిల్లులు పొడిచి, కళ్లు మూసుకుని, ముడి వేశాడు. లక్క ఒక్కసారే పోశాడు.